సుంకం ఎవరి చేతిలో, నష్టం ఎవరి నెత్తిన

(ప్రొఫెసర్ ఎం.డి. నంజుండస్వామి స్మృతిలో బళ్ళారి జిల్లా సిరిగేరిలో ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



1993 జులైలో మన బళ్ళారి పేరు దేశమంతటా పత్రికలకెక్కింది. అమెరికాకు చెందిన కార్గిల్ కంపెనీ ఇక్కడ కడుతున్న విత్తన కర్మాగారాన్ని కర్ణాటక రాజ్య రైత సంఘం కార్యకర్తలు కూల్చేశారు. అంతకు కొన్ని నెలల ముందు, 1992 డిసెంబరులో, బెంగళూరులోని ఆ కంపెనీ కార్యాలయంలోకి చొరబడి కాగితాలు బయటపడేశారు. ఆ ఉద్యమానికి నాయకుడు నంజుండస్వామి. న్యాయశాస్త్రం చదువుకుని, చదువు చెప్పి, ఆకుపచ్చ కండువా భుజాన వేసుకుని రైతుల్లోకి వచ్చిన మనిషి. 2004 ఫిబ్రవరి 3న మనల్ని విడిచి వెళ్ళారు.

ఆస్తి కూల్చే పద్ధతిని నేను సమర్థించడం లేదు. అయితే ఆ పని వెనక ఉన్న ప్రశ్నను మాత్రం ఈ రోజు మీ ముందు మళ్ళీ పెట్టదలచాను. 1991 డిసెంబరులో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం గాట్ అధిపతి ఆర్థర్ డంకెల్ ఒక ముసాయిదా బయటపెట్టారు. సేద్యం, విత్తనం, పేటెంటు, సుంకం అన్నీ అందులో ఉన్నాయి. 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మర్రాకెష్‌లో, ఆ ముసాయిదా నుంచి రూపొందిన ఒప్పందం మీద మన ప్రభుత్వం సంతకం పెట్టింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. దేశంలో సగానికి పైగా జనం బతుకుతెరువును తాకే ఒప్పందం అది. ఆ జనాన్ని ఎవరడిగారు? ఇదీ నంజుండస్వామి వేసిన ప్రశ్న. ముప్పై ఏళ్ళు దాటినా దానికి సరైన జవాబు రాలేదు.

ఇద్దరు నాయకులు, ఒక బాధ

ఆ రోజుల్లో రైతు నాయకులందరూ ఒకే మాట మీద లేరు. మహారాష్ట్రలో శేత్కరీ సంఘటన స్థాపించిన శరద్ జోషి డంకెల్ ముసాయిదాను స్వాగతించారు. ఉల్లి రైతుల పోరాటంతో ఉద్యమంలోకి వచ్చిన మనిషి ఆయన. ధర పెరిగినప్పుడల్లా ఎగుమతి ఆపేసి, ధర పడిపోయినప్పుడు మొహం చాటేసే ప్రభుత్వాన్ని దగ్గర నుంచి చూశారు. మన రైతుకు సబ్సిడీల పేరుతో ఇచ్చేదానికన్నా, ధర అణిచిపెట్టి లాక్కునేదే ఎక్కువని లెక్కగట్టి చెప్పారు. తలుపులు తెరిస్తే రైతు బాగుపడతాడని ఆయన నమ్మకం.

నంజుండస్వామి నమ్మకం దానికి పూర్తిగా ఎదురు. తలుపులు తెరిస్తే కోట్ల డాలర్ల సబ్సిడీతో పండిన పంట వచ్చి మన మీద పడుతుందని, విత్తనం కంపెనీల పాలవుతుందని ఆయన భయం. 

ఈ ఇద్దరిలో ఎవరిది ఒప్పు అని మనం చాలాకాలం కొట్లాడుకున్నాం. ముప్పై ఏళ్ళ అనుభవం చూస్తే ఇద్దరి భయాలూ నిజమయ్యాయి. దిగుమతులు వచ్చి పడిన చోట నంజుండస్వామి చెప్పింది జరిగింది. ఎగుమతులు మూసేసిన చోట శరద్ జోషి చెప్పింది జరిగింది. ఒకే రైతు, ఒకే దశాబ్దంలో, రెండు దెబ్బలూ తిన్నాడు. కనుక రక్షణ సుంకాలా, స్వేచ్ఛా వాణిజ్యమా అని పక్షం కట్టే ముందు, సుంకాన్ని ఎవరు, ఎవరి కోసం, ఏ వేళకు మారుస్తున్నారో చూడాలి. నేను చెప్పదలచిన మాట ఇదే.

ఈ నేల మీద నడిచిన చరిత్ర

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీకి అప్పగించాక దత్త మండలాలకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చారు. 1827లో మన పక్కనే పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. 1813లో కంపెనీ వ్యాపార హక్కుల మీద బ్రిటిష్ పార్లమెంటు విచారణ జరిపినప్పుడు ఆయన సాక్ష్యం ఇచ్చారు. ఒక భారతీయ శాలువాను ఏడేళ్ళు వాడినా దాని తీరు చెడలేదని, ఐరోపా శాలువా ఊరికే ఇచ్చినా వాడనని ఆ సభలోనే చెప్పారు. మన నేతగాడి పనితనానికి పరాయి పాలకుడిచ్చిన యోగ్యతాపత్రం అది. దానివల్ల నేతగాడికి ఒరిగిందేమీ లేదు. ఆ రోజుల్లో మన నూలు బట్ట ఇంగ్లండులో దిగితే 70, 80 శాతం దాకా సుంకం. ఇంగ్లండు బట్ట ఇక్కడ దిగితే రెండున్నర, మూడున్నర శాతం. అక్కడ రక్షణ, ఇక్కడ స్వేచ్ఛా వాణిజ్యం. రెండు సిద్ధాంతాలనూ ఒకే ప్రభుత్వం ఒకే సమయంలో నడిపింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగానే మన నల్లరేగడి పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర కుప్పకూలింది. పదేళ్ళు తిరిగేసరికి ధాత, ఈశ్వర నామ సంవత్సరాల కరువు వచ్చిపడింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. 1871 జనాభా లెక్కలను 1881 లెక్కలతో పోల్చితే, అనంతపురం కూడా కలిసి ఉన్న నాటి బళ్ళారి జిల్లాలో సుమారు ఐదో వంతు జనం తగ్గిపోయారు.

ధాన్యం లేక మాత్రమే అంతమంది చనిపోలేదు. బళ్ళారికి అప్పటికే రైలు వచ్చింది. మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ముందుజాగ్రత్తగా 30,000 టన్నుల ధాన్యం కొనిపించారు. ప్రైవేటు వ్యాపారంలో జోక్యం చేసుకోకూడదంటూ వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం దాన్ని తప్పుపట్టింది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపి, కరువు పనుల్లో మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్ది పైకానికి కుదించింది. జనం డొక్కలెండి చస్తున్న అవే ఏళ్ళలో ఈ దేశపు గోధుమ ఓడలెక్కి ఇంగ్లండుకు పోయింది. స్వేచ్ఛా వాణిజ్యాన్ని సూత్రంగా పట్టుకుని మనిషిని వదిలేస్తే ఏమవుతుందో పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. మన ముత్తాతల తరాన్ని తల్చుకుంటే చాలు.

ఆ తర్వాత సుంకం పేరుతోనూ అన్యాయమే జరిగింది. ఖజానా అవసరం కొద్దీ 1894లో దిగుమతి సుంకం మళ్ళీ పెట్టినప్పుడు ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు గగ్గోలు పెట్టాయి. 1896లో విదేశీ బట్ట మీద మూడున్నర శాతం సుంకం వేసి, సరిసమానంగా ఉండాలంటూ మన మిల్లు బట్ట మీదా మూడున్నర శాతం ఎక్సైజు వేశారు. అది 1926 దాకా పూర్తిగా పోలేదు. సుంకాన్ని నిర్ణయించేది సిద్ధాంతం కాదని, గట్టిగా గొంతు ఎత్తగలిగినవాళ్ళేనని, ఆ ముప్పై ఏళ్ళు తేల్చి చెప్పాయి.

పొద్దుతిరుగుడు పోయిన దారి

ఇక స్వతంత్ర భారతానికి వద్దాం. ఇక్కడ నలభై దాటిన వాళ్ళందరికీ గుర్తుంటుంది, బళ్ళారి, రాయచూరు, కర్నూలు నల్లరేగళ్ళలో పొద్దుతిరుగుడు ఎంత విరివిగా ఉండేదో. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. విత్తనం, ధర, కొనుగోలు మూడూ కలిసి నడిచాయి. 1990ల తొలినాళ్ళకు దేశానికి కావాల్సిన వంటనూనెలో దాదాపు అంతా ఇక్కడే పండింది. పొద్దుతిరుగుడు విస్తీర్ణం దేశంలో 25 లక్షల హెక్టార్లు దాటింది.

1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు. మొదట 65 శాతం సుంకం పెట్టారు. 1998 నాటికి అది 15 శాతానికి దిగింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్రపంచ వాణిజ్య సంస్థలో మనం ఒప్పుకున్న గరిష్ఠ సుంకం సోయా నూనెకు 45 శాతం, మిగతా నూనెలు చాలావాటికి 300 శాతం. అంటే పామాయిల్‌ను ఆపే హక్కు మన చేతిలోనే ఉంది. ఆ హక్కును వదులుకోమని ఒప్పందం చెప్పలేదు. నూనె ధర పెరిగితే ఊళ్ళలో ఓట్లు పోతాయన్న భయమే సుంకాన్ని కిందికి లాగింది.

తర్వాత పెంచారు, మళ్ళీ దించారు. 2008లో ముడి నూనెల మీద సుంకం సున్నా చేశారు. 2018లో ముడి పామాయిల్ మీద 44 శాతం వేశారు. 2021లో ధర మండితే మళ్ళీ తగ్గించారు. 2024 సెప్టెంబరు 14న ముడి నూనెల మీద అన్నీ కలిపి 27.5 శాతానికి పెంచారు. 2025 మే 30న 16.5 శాతానికి దించారు. మే 30 అంటే ఏమిటో ఈ సభలో నేను వివరించనక్కర్లేదు. తొలకరి కోసం ఆకాశం వైపు చూస్తూ, ఈ ఏడు ఏ విత్తనం కొందామని రైతు ఇంట్లో లెక్కలు వేసుకునే వారం అది. నూనెగింజలు వేయొద్దని ఢిల్లీ నోటితో చెప్పలేదు, గెజిట్‌తో చెప్పింది.

ఇప్పుడు దేశంలో పొద్దుతిరుగుడు మూడు లక్షల హెక్టార్ల లోపే. మనం తినే వంటనూనెలో సగానికి మించి బయటి నుంచే వస్తోంది. ఉక్రెయిన్‌లో యుద్ధం వస్తే సిరిగేరి వంటింట్లో నూనె ప్యాకెట్ ధర మండిపోవడం 2022లో చూశాం. ఒకప్పుడు ఆ పంటకు పుట్టిల్లు లాంటి నేలలో ఇలా జరగడం ఎవరి తప్పు?

బియ్యానికి అడ్డుకట్ట

సిరుగుప్ప తాలూకా అంటే తుంగభద్ర కాలువ, వరి. మన సోనా మసూరి బస్తా బెంగళూరు, హైదరాబాదు దాటి డల్లాస్, న్యూజెర్సీ దాకా వెళ్తుంది. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్త విన్న అమెరికా తెలుగువాళ్ళు దుకాణాల ముందు వరసలు కట్టి, దొరికినన్ని సోనా మసూరి సంచులు కార్లలో వేసుకోవడం మనందరం ఫోన్లలో చూశాం. అదే వారం ఇక్కడ రైతు నారుమళ్ళ పనిలో ఉన్నాడు. ఆ ఏడు వర్షం మొహం చాటేసింది. కర్ణాటకలో దాదాపు అన్ని తాలూకాలనూ కరువు తాలూకాలుగా ప్రకటించారు.

పంట తగ్గిన ఏడు రైతు తన నష్టాన్ని ఎక్కడ పూడ్చుకోవాలి? ధరలోనే కదా. నాలుగు బస్తాలు తగ్గినా బస్తాకు నాలుగు వందలు ఎక్కువొస్తే అప్పు తీరుతుంది. సరిగ్గా ఆ ఏడే ఎగుమతి మూసేశారు. 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేసినా, టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు. అక్టోబరులో దాన్నీ తీసేశారు. మూసినప్పుడు రైతును అడగలేదు, తెరిచినప్పుడూ అడగలేదు.

బియ్యం ధర పెరిగితే కూలి మనిషికి కష్టమన్న మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఈ సభలోనే బియ్యం అమ్మేవాళ్ళూ ఉన్నారు, కొనేవాళ్ళూ ఉన్నారు. పేదవాడికి చౌకగా బియ్యం అందించడం ప్రభుత్వ ధర్మం. అన్నభాగ్య లాంటి పథకాలు అందుకే. ఆ ఖర్చు ఖజానా భరించాలి. దాన్ని రైతు ధరలో కోసి రాబట్టడం, ఒక పేదవాడి కంచంలోది తీసి ఇంకో పేదవాడి కంచంలో వేయడమే.

పత్తి: వాషింగ్టన్ నుంచి ఆదోని యార్డు దాకా

1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి, సిరుగుప్ప మైసూరుకు వచ్చాయి. పటం మీద గీత పడింది గానీ పత్తి బండి ఆగలేదు. నేటికీ ఈ సరిహద్దు ఊళ్ళ పత్తికి ఆదోని యార్డు పెద్ద దిక్కు.

అక్కడ ఒక ఉదయం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. లాట్లు పరుస్తారు. కొనేవాడు గుప్పెడు పత్తి తీసి పింజ లాగి చూస్తాడు. కాసేపటికి ధర పలుకుతుంది. భారత పత్తి సంస్థ కేంద్రానికి పోతే తేమ కొలిచే మిషను పెడతారు. 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర. 12 దాటితే బండి వెనక్కి. తెల్లవారుజామున మంచు పడిన రోజు ఆ అంకె ఎటు తిరుగుతుందోనని రైతు గుండె పట్టుకుని నిలబడతాడు. తన బస్తాలో తేమ ఎంతో అతనికి తెలుస్తుంది. తన ధరను కిందికి లాగిన నోటిఫికేషన్ ఎక్కడ పుట్టిందో మాత్రం తెలియదు.

అది ఎక్కడ పుట్టిందో చెప్తాను. 2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం కలిపింది. మన బట్టలకు అమెరికా అతిపెద్ద కొనుగోలుదారు. తిరుప్పూరు నుంచి లూధియానా దాకా బట్టల మిల్లులు ఆదుకోమని ఢిల్లీని అడిగాయి. వాళ్ళ బాధ నిజమే, అక్కడ కుట్టుమిషన్ల మీద కూర్చున్న ఆడపిల్లల ఉద్యోగాలూ నిజమే. ఢిల్లీ ఇచ్చిన జవాబు ఏమిటంటే, పత్తి దిగుమతి మీద 2021లో వేసిన 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 30 దాకా ఎత్తేయడం. పది రోజులు గడవకముందే దాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించారు.

మన పత్తి తీతలు అక్టోబరులో మొదలై డిసెంబరు, జనవరి దాకా సాగుతాయి. సుంకం లేని విదేశీ పత్తి వచ్చిందీ ఆ నెలల్లోనే. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయటి పత్తి చౌకగా దిగుతుందని తెలిశాక మిల్లువాడు ఇక్కడి రైతు దగ్గర ఆ ధర పెట్టి కొనడానికి తొందరపడడు. అమెరికా అధ్యక్షుడు మిల్లుల మీద వేసిన దెబ్బను మిల్లులు ఢిల్లీ మీదికి, ఢిల్లీ ఆదోని యార్డులో నిలబడ్డ రైతు మీదికి తోసేశాయి. రైతుకు దాన్ని తోయడానికి ఇంకెవరూ లేరు.

బళ్ళారి జీన్స్ కుట్టేవాళ్ళ సంగతీ ఇక్కడ చెప్పాలి. వాళ్ళకు నూలు చౌకగా కావాలి. అదే సమయంలో, 2011 నుంచి సుంకం లేకుండా వస్తున్న బంగ్లాదేశ్ దుస్తుల పోటీ నుంచి రక్షణ కావాలి. పత్తి రైతుకు దిగుమతి పత్తి మీద సుంకం కావాలి, వరి రైతుకు ఎగుమతి స్వేచ్ఛ కావాలి, కూలి మనిషికి చౌక బియ్యం కావాలి. ఒకే జిల్లాలో ఇన్ని అవసరాలు ఉన్నాయి, అన్నీ న్యాయమైనవే. వీటిని తూచి సర్దడమే రాజకీయం చేయాల్సిన పని. తూచేచోట అందరూ ఉంటేనే అది న్యాయం అనిపించుకుంటుంది.

మనం అడగాల్సినవి

రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. కస్టమ్స్ సుంకం కేంద్రం జాబితాలో ఉంది. 1962 నాటి కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద, ముందు ఏ చర్చా లేకుండా, ఒక్క గెజిట్ నోటిఫికేషన్‌తో సుంకం మాఫీ చేయవచ్చు. పార్లమెంటు ముందుకు ఆ కాగితం తర్వాతెప్పుడో వస్తుంది. లోపం ఇక్కడుంది. దీన్ని సరిచేయడానికి నాలుగు కోరికలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, వేళ. ఖరీఫ్ పంటల మీద ఎగుమతి, దిగుమతి విధానాన్ని విత్తనాలు వేసే ముందే ప్రకటించాలి. ఆ పంట అమ్ముడుపోయేదాకా మార్చకూడదు. తప్పనిసరై మారిస్తే పార్లమెంటులో చర్చించి మార్చాలి. పంట పొలంలో ఉండగా నియమాలు మార్చడం ఆటలో గెలిచేవాడిని ముందే తేల్చడం.

రెండోది, ధర. దిగుమతి సరుకు ధర, సుంకం కలిపి చూస్తే మద్దతు ధర కన్నా తక్కువ కాకుండా సుంకాన్ని కట్టాలి. ఒక చేత్తో మద్దతు ధర ప్రకటించి, ఇంకో చేత్తో సుంకం ఎత్తేస్తే ఆ మద్దతు కాగితం మీదే ఉంటుంది.

మూడోది, పరిహారం. వినియోగదారు కోసమో, మిల్లుల కోసమో రైతు ధరను తగ్గించాల్సి వస్తే, ఆ తేడా ఖజానా నుంచి ఇవ్వాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. సుంకాల యుద్ధం మొదలుపెట్టిన అమెరికానే 2018లో తన రైతులకు 12 బిలియన్ డాలర్లు, 2019లో 16 బిలియన్ డాలర్లు ప్రకటించింది. 2025 డిసెంబరులో మళ్ళీ 12 బిలియన్లు ప్రకటించింది. ఆ ప్రకటన చేసిన సమావేశంలోనే మన బియ్యం మీద అదనపు సుంకాల మాట కూడా వచ్చింది. తన రైతును కాపాడుకోవడంలో వాళ్ళకు లేని మొహమాటం మనకెందుకు?

నాలుగోది, గొంతు. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ ఇప్పటికే ఉంది. పంటల సుంకం మార్చే ముందు దాని సలహాను, రాష్ట్రాల అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకుని బయటపెట్టాలి. పత్తి సుంకం ఎత్తేస్తే ఆదోనిలో ఏమవుతుందో ఎవరు చెప్పారు, ఎవరు చెప్పలేదు అన్నది ప్రజలకు తెలియాలి.

ఇవి పెద్ద ఖర్చున్న కోరికలు కావు. ఇందులో మూడింటికి డబ్బే అక్కర్లేదు, మర్యాద చాలు.

నంజుండస్వామి గురించి చాలామందికి ఆయన కూల్చినవే గుర్తు. నాకు మాత్రం ఆయన కట్టిన ఒక అలవాటు ముఖ్యం. అంతర్జాతీయ ఒప్పందం అనేది చదువుకున్నవాళ్ళ వ్యవహారమని, రైతుకు అర్థం కాదని అందరూ అనుకునే రోజుల్లో, రైత సంఘం డంకెల్ ముసాయిదాను ఊరూరా చర్చకు తెచ్చింది. ఆ చర్చ ఆగిపోయాకే మన ధరలు మనకు తెలియకుండా మారడం మొదలైంది. 

ఆ చర్చను ఈ ఊరి నుంచే మళ్ళీ మొదలుపెట్టమని కోరుతున్నాను. ఈ నాలుగు కోరికలను వచ్చే గ్రామసభలో తీర్మానం చేయండి. కన్నడంలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి రాయండి. ఒకటి మీ ఎంపీకి ఇవ్వండి. ఇంకొకటి సరిహద్దు అవతలి ఆలూరు, ఆదోని రైతుల చేతిలో పెట్టి, వాళ్ళ ఎంపీకి ఇమ్మనండి. రెండు రాష్ట్రాల ఎంపీలు ఒకే కాగితం పట్టుకుని పార్లమెంటులో లేస్తే ఢిల్లీ వినక తప్పదు. వచ్చే ఖరీఫ్‌కు విత్తనం కొనేలోగా ఈ పని పూర్తి కావాలి. ఈ పనిలో మీతో పాటు నేనూ ఉంటాను.